వేసవి సేవకు బయలుదేరే ముందు



ఒక వేసవి మధ్యాహ్నం ఒక అబ్బాయి నా దగ్గరకు వచ్చాడు. రాజుపాలెం మండలంలోని ఒక పల్లె అతనిది. ప్రొద్దుటూరులో డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికి వచ్చాడు. ఎండకు ముఖం కమిలిపోయి ఉంది. చేతిలో కాలేజీ వాళ్ళిచ్చిన పుస్తకం ఒకటి ఉంది. "ఫాదర్, ఇందులో ఒక సంతకం కావాల. ఊళ్ళో నూట ఎనభై గంటలు సేవ చేసినానని ఎవరైనా పెద్దవాళ్ళు రాయాల" అన్నాడు.

పుస్తకం తిప్పి చూశాను. రోజువారీ పేజీలన్నీ నిండి ఉన్నాయి. ఇంటింటి సర్వే, పరిశుభ్రత మీద అవగాహన సభ, మొక్కలు నాటడం, మద్యపానం మీద ప్రచారం. అన్నీ ఒకే కలంతో, ఒకే రాత్రి కూర్చుని రాసినట్టు కనబడుతున్నాయి.

"ఇవన్నీ చేసినావా నాయనా?" అని అడిగాను.

తల వంచుకున్నాడు. "అందరూ ఇట్లనే రాస్తారు ఫాదర్" అన్నాడు.

నేను సంతకం చేయలేదు. కోప్పడనూ లేదు. "గంటల సంగతి తరువాత చూద్దాం. ఈ సర్వే కాగితాల్లో ఒక్కటి మాత్రం నిజంగా నింపుకొని రా. మీ ఇంటిదే నింపు. మీ అమ్మను కూర్చోబెట్టి అడుగు" అని చెప్పి పంపించాను. ఆ కాగితంలో ఏమి వచ్చిందో ఈ పాఠం చివర చెబుతాను.

ఈ సేవ కొత్తది కాదు

మన రాష్ట్రంలో 2020-21 విద్యా సంవత్సరం నుండి డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్‌లను ప్రవేశపెట్టారు. వాటిలో మొదటిది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. మొదటి సంవత్సరం ముగిశాక వచ్చే వేసవిలో విద్యార్థి ఒక ఊరికో, వాడకో వెళ్ళి, అక్కడి ప్రజల స్థితిగతులు తెలుసుకొని, చేతనైన సేవ చేసి, నివేదిక రాయాలన్నది దాని ఉద్దేశం. ప్రభుత్వం చెప్పినందుకు చేసే పనే కదా అని కొందరు విసుక్కుంటారు. కాని క్రైస్తవ యువజనులకు ఇది కొత్త సంగతి కాదు.

మన దేశంలో కతోలిక విద్యార్థుల సమాఖ్య అయిన ఐకఫ్ 1924లో పుట్టింది. 1970లో మద్రాసు దగ్గర పూనమల్లిలో జరిగిన సభలో ఆ విద్యార్థులు తమ దారి మార్చుకున్నారు. భక్తి సమావేశాలతో, చదువులతో సరిపెట్టుకోక, సమాజంలోని అన్యాయాన్ని మార్చే బాధ్యత తమదని ప్రకటించుకున్నారు. పల్లెల్లో శిబిరాలు వారికి బడులయ్యాయి. అమెరికాలో జెసూట్ వాలంటీర్ కోర్ 1956లో అలాస్కాలో మొదలయింది. అక్కడి యువతీ యువకులు చదువు ముగించి, కొంతకాలం పేదల మధ్య పనిచేస్తూ, నలుగురూ ఒకే ఇంట్లో నిరాడంబరంగా కాపురముంటూ, కలిసి ప్రార్థించుకుంటారు. నిరాడంబర జీవనం, సహజీవనం, ఆధ్యాత్మికత, సాంఘిక న్యాయం అనే నాలుగూ వారికి నాలుగు స్తంభాలు.

మరి మనం ఎలా చేయాలి? శ్రీసభలో దీనికొక పద్ధతి ఉంది. బెల్జియం దేశపు గురువు జోసెఫ్ కార్డిన్ 1882లో శ్రామిక కుటుంబంలో పుట్టారు. తనతో చదువుకున్న పిల్లలు చిన్న వయసులోనే ఫ్యాక్టరీల పాలై, గుడికి దూరమై, తనను పరాయివానిగా చూడడం ఆయన మనసును కలచివేసింది. 1925లో యువ క్రైస్తవ కార్మికుల ఉద్యమాన్ని స్థాపించి, ఆ యువకులకు మూడే మాటలు నేర్పారు. చూడడం, తూచడం, చేయడం. 1961లో జగద్గురువు ఇరవైమూడవ జాన్ పాపుగారు 'మాతెర్ ఎత్ మాజిస్త్రా' విశ్వలేఖలో ఈ మూడు మెట్లను శ్రీసభ అంతటికీ సిఫారసు చేశారు. ఈ వారం పాఠానికి ఇవే మెట్లు.

1. చూడడం

మనకు మన ఊరు తెలుసని అనుకుంటాం. నిజానికి అలవాటైన దాన్ని కన్ను చూడదు. రాజుపాలెం దిక్కు నల్లరేగడి నేలలు, శనగ, పత్తి, జొన్న చేలు, కుందూ ఒడ్డు మనమందరం చూసినవే. కాని చేలో పని లేని ఏప్రిల్, మే నెలల్లో కూలివాళ్ళ పొయ్యి ఎలా వెలుగుతున్నది? ఎవరింటికి తాళం పడింది, వాళ్ళు ఏ ఊరికి వలస పోయారు? వాళ్ళ పిల్లలు తిరిగి బడికి వస్తారా? ఈ ప్రశ్నలు వేసుకున్నామా?

మన చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒకటి కావు. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళూ ఉన్నాయి, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని పగలంతా కూర్చునే నేతగాళ్ళూ ఉన్నారు. ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో ఎండకు కాలిన బండల మీద పని. జమ్మలమడుగు నియోజకవర్గంలో గండికోట జలాశయం నిండినప్పుడు, 2020లో తాళ్ళప్రొద్దుటూరు వాసులు పుట్టిన ఇళ్ళు వదలి వెళ్ళారు. ఆ నీళ్ళు ఎందరికో మేలు. ఆ మేలుకు ఇల్లు ఇచ్చినవాళ్ళ బ్రతుకేమయిందని వెళ్ళి అడగడం కూడా చూడడమే.

చూసేటప్పుడు ఊరిని మాత్రమే చూసి పేటను వదలిపెట్టకండి. ఎవరు ఎవరి గడప దాటి లోపలికి వెళ్తారు, ఎవరు వాకిట్లోనే నిలబడతారు, మంచినీళ్ళు ఎవరికి ఏ గ్లాసులో ఇస్తారు అన్నవి ఏ సర్వే కాగితంలోనూ ఉండవు. మన గుడిని కూడా చూడండి. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారత కోసం ఒక విధానాన్ని ప్రకటించి, శ్రీసభ లోపల కూడా వివక్ష ఉన్నదని దాపరికం లేకుండా ఒప్పుకొన్నది. మన కడప మేత్రాసనంలో గురువుగా సేవ చేసిన పూల అంతోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయి, ఆ పదవి పొందిన తొలి దళితులుగా నిలిచినప్పుడు మనమందరం సంతోషించాం. ఆ సంతోషం మన వీధిలో, మన బంతిలో, మన సమాధుల దొడ్డిలో కనబడుతున్నదా అని చూడవలసింది మనమే.

కాబట్టి మొదటి వారమంతా ఏమీ చేయకండి. సలహాలు చెప్పకండి. ఫొటోలు తీయకండి. కూర్చోండి, వినండి, వాళ్ళు పెట్టింది తినండి.

2. తూచడం

చూసినదాన్ని దేని మీద పెట్టి తూచాలి? ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం తీసి ఒకసారి నిదానంగా చదవండి. అందులో మూడు ఆజ్ఞలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. పేదవాడు తాకట్టు పెట్టిన పైవస్త్రాన్ని రాత్రి కాకముందే అతనికి తిరిగి ఇవ్వాలి. కూలివాని కూలి పొద్దు గుంకకముందే చేతిలో పెట్టాలి. పొలంలో మరచిపోయిన పన కోసం వెనక్కి పోకూడదు. ఒలీవల, ద్రాక్షల పరిగె పరదేశికీ, అనాథకూ, విధవకూ వదలాలి.

పరిగె ఏరుకోవడం మన పల్లెల్లో తెలియనివారు లేరు. చేను కోసుకుపోయాక రాలిన గింజలు ఏరుకొనే ఆడవాళ్ళను మీరు చూసే ఉంటారు. మనమేమనుకుంటాం? చేని ఆసామి దయగలవాడు, ఏరుకోనిచ్చాడు అనుకుంటాం. కాని ఆ ఆజ్ఞ చెప్పేది వేరు. ఆ పరిగె పేదలది. ఆసామి వదిలిపెట్టడం దానం కాదు, తనది కానిదాన్ని ముట్టకపోవడం. రూతు బెత్లెహేము పొలాల్లో పరిగె ఏరుకొన్నది ఆ హక్కుతోనే. ఆ రూతు వంశంలోనే దావీదు రాజు పుట్టాడు. దావీదు వంశంలో మన ప్రభువు పుట్టారు.

యువతీ యువకులారా, ఈ వేసవి పాఠమంతా ఈ ఒక్క మాటలో ఉన్నది. బాకీ ఉన్నదాన్ని దానంగా ఇవ్వకూడదు. రెండవ వాటికన్ మహాసభ 1965లో గృహస్థ విశ్వాసుల ప్రేషిత సేవను గురించి వెలువరించిన డిక్రీలో ఇదే బోధించింది. ముందు న్యాయంగా ఇవ్వవలసింది ఇవ్వాలి, న్యాయంగా రావలసిన దాన్ని ప్రేమకానుకగా చూపించకూడదు, కష్టాల ఫలితాలనే కాక వాటి కారణాలను కూడా తీసివేయాలి అన్నది ఆ బోధ సారాంశం. కూలివాని కూలి బిగబట్టడం పరలోకానికి మొరపెట్టే పాపాలలో ఒకటని మన సత్యోపదేశం చెబుతున్నది. యాకోబు లేఖ 5వ అధ్యాయం కూడా ఆ మొరను గురించే మాట్లాడుతుంది.

మరి అన్నదానం, వస్త్రదానం వద్దా? అలా ఎవరన్నారు? ఆకలిగొన్నవానికి మొదట అన్నమే కావాలి. ధన్యజీవి ఫ్రెడరిక్ ఓజనాం తన ఇరవయ్యవ యేట, 1833లో, పారిస్ నగరంలో విద్యార్థిగా ఉంటూ నలుగురైదుగురు మిత్రులతో పేదల ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టారు. మీ విచారణలో కూడా ఉండే పునీత విన్సెంట్ ది పాల్ సంఘం అలా పుట్టింది. ఆ పేదల మెట్లెక్కి ఇళ్ళలోకి వెళ్ళినందువల్లనే ఓజనాం తరువాత కార్మికుల న్యాయమైన వేతనం కోసం కలం పట్టగలిగారు. 1997 ఆగస్టు 22న, పారిస్‌లో ప్రపంచ యువజన దినోత్సవాలు జరుగుతున్నప్పుడు, జగద్గురువు రెండవ జాన్ పాల్ గారు ఆయనను ధన్యజీవిగా ప్రకటించారు.

అదే సంఘంలో చేరిన మరొక యువకుడు పియెర్ జార్జియో ఫ్రస్సాతి. 1901లో ఇటలీలోని తూరిన్‌లో ధనిక కుటుంబంలో పుట్టారు. తండ్రి పెద్ద దినపత్రిక యజమాని. కొడుకు మాత్రం గని కార్మికులకు దగ్గరగా ఉండాలని గనుల ఇంజనీరింగు చదువు ఎంచుకున్నారు. ఇరవైనాలుగేళ్ళకే, 1925 జూలై 4న, పోలియో సోకి మరణించారు. చనిపోవడానికి ముందురోజు, చచ్చుబడిన చేత్తో వంకర అక్షరాలతో ఒక చీటీ రాశారు. అది ఒక పేదవానికి అందవలసిన సూదిమందుల సంగతి. అంతిమయాత్రకు తూరిన్ పేదలు వేలాదిగా తరలివచ్చినప్పుడు గాని, తమ పిల్లవాడు ఏమి చేస్తూ ఉండేవాడో ఇంట్లోవాళ్ళకు తెలియలేదు. 2025 సెప్టెంబరు 7న పదునాలుగవ లియో పాపుగారు ఆయనను పునీతుడిగా ప్రకటించారు. ఆయనకు లాగ్ బుక్కు లేదు. పేదలే వచ్చి సాక్ష్యమిచ్చారు.

3. చేయడం

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కింద, గురువిద్యార్థిగా ఉన్నప్పుడు, మేము పన్నెండు మందిమి ఒక పల్లెకు వేసవి శిబిరానికి వెళ్ళాం. అక్కడ ఒక పెద్దమ్మకు ఒక పైరు కోతల కూలి రావలసి ఉన్నది. మాకు ఆవేశం వచ్చింది. ఆమె తరఫున మేమే అర్జీ రాశాం, ఆమె చేత వేలిముద్ర వేయించి, అధికారికి ఇచ్చి, శిబిరం ముగింపు సభలో దాన్ని గొప్పగా చెప్పుకొని ఊరు విడిచాం. రెండు నెలల తరువాత నేను అటువైపు వెళ్ళినప్పుడు ఆమెను చూడబోయాను. కూలి డబ్బు కొంత వచ్చింది. కాని ఆ కారులో ఆమెను ఎవరూ పనికి పిలవలేదు. నాకు మజ్జిగ ఇచ్చి ఆమె అన్నది: "మీరు మంచోళ్ళే సామీ. మీ ఊరికి మీరు పోయినారు. నేను యాడికి పోవాల?"

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. మేము చేసింది న్యాయమైన పనే. కాని ఆమెను ఒంటరిగా నిలబెట్టి చేశాం. వెలను ఆమె చెల్లించింది, పేరు మాకు వచ్చింది.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ మన పక్క జిల్లాలోనే ఉన్నది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగింది. వాలంటీర్లు, ఎక్కువమంది యువతీ యువకులు, రాత్రిపూట దీపం వెలుగులో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పారు. అక్షరాలతో పాటు తమ బ్రతుకుల గురించి మాట్లాడుకొనే చోటు వాళ్ళకు దొరికింది. దూబగుంట అనే పల్లెలో ఆడవాళ్ళు తమ కష్టాలకు మూలం సారా అని తామే తేల్చుకొన్నారు. ఏమి చేయాలో తామే నిర్ణయించుకొన్నారు, కలిసి వెళ్ళి సారా అంగడిని మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతటా వినబడింది. ఉద్యమం జిల్లాలకు జిల్లాలు పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. తరువాత 1997లో ఆ నిషేధాన్ని సడలించారు, అది వేరే కథ. మనం గమనించవలసింది వాలంటీర్లు ఏమి చేశారన్నది. వాళ్ళు పలక పట్టించారు. నిర్ణయం ఆడవాళ్ళది, గొంతు ఆడవాళ్ళది, గెలుపు కూడా వాళ్ళదే. వాలంటీర్లు వెళ్ళిపోయాక కూడా వాళ్ళు ఒంటరివాళ్ళు కాలేదు.

ఉండిపోయిన వారి ఉదాహరణ కూడా దగ్గరలోనే ఉన్నది. స్పెయిన్ నుండి జెసూట్ సభ్యులుగా 1952లో మన దేశానికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు, మహారాష్ట్రలోని మన్మాడులో రైతుల పక్షాన నిలబడి, 1968లో దేశం విడిచిపోవలసి వచ్చింది. తిరిగి వచ్చి 1969లో అనంతపురం చేరారు. ఆ తరువాత జెసూట్ సభను విడిచారు గాని పేదలను విడవలేదు. బావులు, ఇళ్ళు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి ఆయన స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ పనులు. 2009 జూన్ 19న అనంతపురంలోనే కన్నుమూశారు. నలభై ఏళ్ళు ఒకే నేల మీద. మనం ముప్పై రోజులకు వెళ్తున్నవాళ్ళం. ఆ తేడా ఎరిగి అణకువగా ఉండాలి.

అయితే ముప్పై రోజుల్లో చేయగలిగిందేమీ లేదా? ఉన్నది. నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి, చదివిపెట్టడం. మీకు చదువు వచ్చు. పింఛను అర్జీ, పొలం పాసుపుస్తకం, పొదుపు సంఘం లెక్కల పుస్తకం, ఆసుపత్రి చీటీ ఏముందో తెలియక నష్టపోయేవాళ్ళు మీ వీధిలోనే ఉన్నారు. చదివి వినిపించండి. ఏమి చేయాలో వాళ్ళనే అడగండి.

రెండు, చట్టం తెలుసుకోవడం. ఒకే పనికి ఆడవారికీ మగవారికీ ఒకే వేతనమని పార్లమెంటు 1976లోనే చట్టం చేసింది. 2019 వేతనాల స్మృతిలోనూ ఆ సూత్రం ఉన్నది. వెట్టిచాకిరీని రద్దు చేసిన చట్టం కూడా 1976దే. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ప్రారంభమయింది ఎక్కడో కాదు, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. చట్టం పుస్తకంలో ఉండి, పేదవానికి తెలియకపోతే, అది పూడ్చిపెట్టిన తలాంతు వంటిది.

మూడు, వెంట వెళ్ళడం. కార్యాలయానికి పోవడానికి జంకే ముసలివాళ్ళతో కలిసి వెళ్ళండి. వాళ్ళకు బదులుగా మాట్లాడకండి. వాళ్ళు మాట్లాడేటప్పుడు పక్కన నిలబడండి.

నాలుగు, తిరిగి రావడం. మొదలుపెట్టిన పని ఎవరి చేతిలో పెట్టి వస్తున్నారో తేల్చుకోకుండా ఊరు విడవకండి. ఉపదేశిగారో, విన్సెంట్ ది పాల్ సంఘమో, మహిళా సంఘమో ఎవరో ఒకరుండాలి. మాట ఇస్తే దసరా సెలవుల్లో తిరిగి రండి. తిరిగి రాలేకపోతే మాట ఇవ్వకండి.

ఆ కాగితం

ఇక ఆ అబ్బాయి సంగతి. నాలుగు రోజులకు వచ్చాడు. సర్వే కాగితంలో 'కుటుంబ నెలసరి ఆదాయం' అన్నచోట ఖాళీగా వదిలేశాడు. వెనకవైపు మాత్రం పేజీ నిండా రాశాడు. వాళ్ళమ్మకు ఏ నెలలో ఎన్ని దినాలు పని దొరికింది, పక్కన అదే సాలులో పనిచేసిన మగవాళ్ళకు ఎంత ఇచ్చారు, ఆమెకు ఎంత ఇచ్చారు, అతని కాలేజీ ఫీజుకు ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చింది అన్నీ అందులో ఉన్నాయి.

"అమ్మ ఏమన్నది?" అని అడిగాను.

"'ఇన్నేండ్లకు అడిగినావా నాయనా' అన్నది ఫాదర్" అని చెప్పి, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ తరువాత అతను, వాళ్ళ వీధిలోని మరో ఇద్దరు విద్యార్థులూ కలిసి ఇల్లిల్లూ తిరిగారు. సాయంత్రాలు వేపచెట్టు కింద కూర్చుని కాగితాలు చదివిపెట్టారు. ఇద్దరు అవ్వలను వెంటబెట్టుకొని మండల కార్యాలయానికి పోయివచ్చారు. ఒకరి పని అయింది, ఒకరిది కాలేదు. కూలి తేడా మాత్రం అలాగే ఉన్నది. కాని ఆడవాళ్ళు తమ సంఘంలో దాన్ని గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. సెలవులు అయ్యేనాటికి లెక్క చూస్తే నూట పది గంటలే తేలాయి. ఉన్నది ఉన్నట్టు రాసి తెమ్మన్నాను. పాత పేజీలు కొట్టివేసి, నూట పది అని రాసుకొచ్చాడు. సంతోషంగా సంతకం చేశాను.

ప్రియ యువజనులారా, ఈ వేసవిలో మీలో ఎవరైనా సేవకు బయలుదేరితే మొదట మీ ఇంటి గడప దగ్గరే ఆగండి. మీ చదువుకు ఎవరి చెమట ఖర్చయిందో అడిగి తెలుసుకోండి. అది తెలిసినవాడు పరుల ఇంటికి దాతగా వెళ్ళడు. బాకీ ఉన్నవానిగా వెళ్తాడు. వడ్రంగి పనిచేసి కూడు తిన్న మన ప్రభువు అలా వెళ్ళేవారికి తోడుగా ఉండునుగాక.

యువజన సంఘాల చర్చకు

1. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం కలిసి చదవండి. అందులోని ఏ ఆజ్ఞ మీ ఊళ్ళో ఎక్కువగా మీరబడుతున్నది?

2. మీ విచారణలో ఇప్పుడు జరుగుతున్న సేవాకార్యాలు రాసుకోండి. వాటిలో ఏది కష్టానికి ఉపశమనం, ఏది కష్టానికి కారణాన్ని తొలగించే ప్రయత్నం?

3. మీ సంఘం గతంలో మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన పని ఏదైనా ఉందా? దానివల్ల ఎవరు నష్టపోయారు? వాళ్ళ దగ్గరకు తిరిగి ఎప్పుడు వెళ్తారు?